చలి తీరిన గుడ్లు

ఊళ్ళో ఎవరింట్లో ఫ్రిజ్జు మూలిగినా, పాల డిపోలో గది వెచ్చబడినా, ఐసు ఫ్యాక్టరీలో మోటారు మొరాయించినా జనం మొదట తలుచుకునేది చలిబాబునే. అతనికో అసలు పేరు ఉండేది గాని దాన్ని వాళ్ళక్క ఒక్కతే పలికేది, అదీ కోపం వచ్చినప్పుడు. నలభై దాటిన మనిషి. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదంటే చెప్పుకోవడానికి పెద్ద కథేమీ లేదు. ఒక సంబంధం కుదిరే వేళకి నాన్న మంచాన పడ్డాడు, ఇంకొకటి వచ్చేసరికి అక్క భర్త పోయాడు, ఆ తరవాత అడిగేవాళ్ళు అడగడం మానేశారు. అక్క తమ్ముడి ఇంటికే వచ్చేసి, ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని కర్టెన్లూ దిండుగలీబులూ బడిపిల్లల చొక్కాలూ కుట్టేది. మిషను చప్పుడు ఆగిందంటే అక్క ఏదో అనబోతోందన్నమాట.

తన పని గురించి చలిబాబుకి ఒక నమ్మకం ఉండేది. చలి అంటే ఆపేది. పాలు విరగకుండా, చేప కుళ్ళకుండా, పూలు వాడిపోకుండా ఆపుతుంది, అంతే. లోకమంతా ఎటో పరుగెడుతుంటే తానొక మూల నిలబడి 'కాస్త ఆగండి' అంటున్నట్టు అనిపించేదతనికి. ఆ ఊహ అతనికి హాయిగానే ఉండేది. ఒక చల్లని తలుపు తెరిచి మరో చల్లని తలుపు మూస్తూ ఉండగానే ఏళ్ళు గడిచిపోయాయి.

ఆ ఏడు చలి ముందే దిగింది. దిగింది దిగినట్టే కూర్చుంది, మధ్యలో ఒక్క పూటైనా సడలలేదు. పొద్దున్నపూట పొగమంచు వీధుల్లో కదలకుండా నిలబడేది. సైకిలు గంట వినిపించేది గాని సైకిలు కనిపించేది కాదు. అలాంటి ఒక పొద్దున ఫోను మోగింది.

"చలిబాబు గారేనాండీ?" ఆడగొంతు, కొత్తది. "మా చలిగది వెచ్చబడిపోతోందండీ. కాస్త తొందరగా రాగలరా? లోపల నిద్రపోతున్నవాళ్ళున్నారు."

ఆసుపత్రిలో శవాలగది అనుకున్నాడతను. "ఎవరండీ నిద్రపోతోంది?"

"మిడతలండీ. ఇంకా గుడ్లలోనే ఉన్నాయి."

పంటల పురుగుల మీద పరిశోధన చేసే కేంద్రం ఊరి చివర, మొక్కజొన్న చేలు మొదలయ్యేచోట ఉంది. పొడుగాటి పెంకుల భవనం, దాని వెనక ఇటుకగోడల చలిగది. గుమ్మంలో శాలువా కప్పుకుని ఒకావిడ నిలబడి ఉంది. సన్నగా ఉంది, కణతల దగ్గర జుట్టు అక్కడక్కడ నెరిసింది. కేంద్రంలో అందరూ ఆవిణ్ణి గుడ్ల మేడమ్ అంటారని అతనికి తరవాత తెలిసింది. ఆమె చేతిలో ధర్మామీటరు ఉంది. చంటిబిడ్డకి జ్వరం చూసే తల్లిలా దాన్ని మాటిమాటికీ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూస్తోంది.

లోపల నీలంరంగు దీపం వెలుగుతోంది. అరలనిండా మట్టి నింపిన చెక్కపెట్టెలు. గోడల మీద తేమ చిన్న చిన్న చుక్కలై జారుతోంది. గదిలో ఎంత నిశ్శబ్దంగా ఉందంటే చలిబాబు తన సంచీని కింద పెట్టడానికి కూడా మొహమాటపడ్డాడు. చలి పుట్టించే మిషను దగ్గర వంగి, చెవి ఆనించి, చెయ్యి పెట్టి చూశాడు. కంప్రెసరు పట్టేసింది. అటూ ఇటూ తట్టినా లాభం లేదు, కొత్తది తెప్పించాల్సిందే.

"వేరే ఊరినుంచి రావాలండీ. వారం పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు," అన్నాడు.

ఆమె మొహం పాలిపోయింది. "అంతవరకూ ఇవి ఆగవండీ."

"మేలుకుంటాయాండీ?"

"మేలుకోవు. అదే బాధ. చలి చాలక అటూ ఇటూ కాకుండా పోతాయి." అతనికి అర్థం కాలేదని ఆమెకు తెలిసింది. ఒక పెట్టెలోంచి చిటికెన వేలంత మట్టిముద్ద తీసి అరచేతిలో పెట్టుకుని నెమ్మదిగా విరిచింది. లోపల ఎండిన నురుగు, ఆ నురుగులో బియ్యపుగింజల్లా లేతపసుపు గుడ్లు, ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా పడుకుని ఉన్నాయి. "పంట కోతలయ్యాక తల్లిమిడత పొలంగట్టున మట్టిలో పెట్టి వెళ్ళిపోతుంది. లోపల పిల్ల కొంతదాకా పెరిగి ఆగిపోతుంది. అప్పుడు మీరెంత వెచ్చగా ఉంచినా కదలదు. శీతాకాలం ముందర ఒక్కోసారి నాలుగు రోజులు ఎండ కాస్తుంది చూడండి, దాన్ని నమ్మి బయటికొస్తే తరవాత గడ్డకట్టి చావాల్సిందే. అందుకని అది ఎండని నమ్మదు. ముందు చలి కావాలంటుంది. తనకి కావలసినంత చలి తీరాకే ఎండ మాట వింటుంది."

"అంటే చలిలో ఏమీ జరగదు కదండీ. ఆగుతుందంతే."

"బయటికి కనిపించదు గాని జరుగుతుందండీ. లోపల ఏదో సర్దుకుంటూ ఉంటుంది. చలి లేకపోతే అది సర్దుకోదు. చలే దాన్ని ముందుకు నడుపుతుందనుకోండి."

చలిబాబు రెంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇన్నేళ్ళూ తాను ఆపుతున్నాననుకుంటూ వచ్చాడు. చలి నడుపుతుందన్న మాట అతను ఎక్కడా వినలేదు. ఆ మాట లోపలికి దిగడానికి కొంతసేపు పట్టింది. ఆమె మాత్రం అతను కంప్రెసరు గురించి ఆలోచిస్తున్నాడనుకుంది.

ఆ పూట ఇద్దరూ కలిసి పెట్టెలకు చోటు వెతికారు. పాల డిపో ఆయన "పాలగదిలో పురుగులా" అని తలుపు సగమే తెరిచి సగంలోనే మూసేశాడు. ఐసు ఫ్యాక్టరీలో పెడితే గుడ్లు గడ్డకడతాయని ఆమె ఒప్పుకోలేదు. మరీ ఎక్కువ కాకూడదు, తక్కువా కాకూడదు. చివరికి చలిబాబు తల గోక్కుని, "మా ఇంట్లో వెనకగది ఉందండీ. ఉత్తరం వైపు. మందపాటి గోడలు. ఎండ మొహం చూడదు. ఐసు దిమ్మలు పెట్టి, తడిగోనెలు కడితే సరిపోతుందేమో," అన్నాడు.

పెట్టెలు దించుతుంటే మిషను చప్పుడు ఆగింది.

"ఏంట్రా అవి?" అంది అక్క గుమ్మంలోకి వచ్చి.

"గుడ్లే అక్కా. మిడతల గుడ్లు. నాలుగు రోజులుంటాయి."

అక్క పెట్టెల వంకా, వాటి వెనక శాలువా సర్దుకుంటూ నిలబడ్డ మనిషి వంకా మార్చి మార్చి చూసింది. "మా తమ్ముడు ఎప్పటికైనా ఇంటికి ఒకళ్ళని తీసుకొస్తాడని కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తుంటే, ఏకంగా సంతానంతో సహా తెచ్చాడు," అని గొణిగి, "లోపలికి రామ్మా, చల్లగాలిలో నిలబడకు. టీ తాగుతావా?" అంది.

గుడ్ల మేడమ్ నవ్వాపుకోలేకపోయింది. చలిబాబు చెవులు ఎర్రబడ్డాయి.

ఆ తరవాతి రోజులు అతనికి కలలోలా గడిచాయి. పొద్దున్నే పొగమంచులోంచి ఆమె వచ్చేది. ముందు శాలువా కనిపించేది, తరవాత మనిషి కనిపించేది. వెనకగదిలో ధర్మామీటరు చూసుకునేది. చలిబాబు తడిగోనె ఎత్తి పట్టుకునేవాడు, కరిగిన ఐసు నీళ్ళు కాలవగట్టి గుమ్మం కిందనుంచి పెరట్లోకి పారేవి. సాయంత్రం మళ్ళీ వచ్చేది. పని అయ్యాక ముగ్గురూ వంటింట్లో కూర్చునేవారు. అక్క గుండీలు కుడుతూ ఉండేది. ఆమె మాట్లాడుతూ ఉంటే చలిబాబు వింటూ ఉండేవాడు, లేదా ఎవరూ మాట్లాడేవారు కాదు. వెనకగదిలో లెక్కలేనన్ని ప్రాణాలు మట్టిలో ఊపిరి బిగపట్టుకుని పడుకుని ఉన్నాయన్న స్పృహ ఆ ఇంటికి ఏదో మెత్తదనం తెచ్చింది. అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవారు. అక్క సైతం తలుపు నెమ్మదిగా వేసేది.

"నీకు భయం వెయ్యదా అమ్మాయ్? అవన్నీ ఒక్కసారి లేస్తే చేలు మిగలవు కదా," అని అడిగింది అక్క ఒకసారి.

"వేస్తుందండీ. మా నాన్న చేను ఒక ఏడాది అలాగే పోయింది. నేను బడినుంచి వచ్చేసరికి పచ్చదనం లేదు, ఈనెలు మిగిలాయి. నాన్న గట్టుమీద కూర్చుని మట్టి గీకుతున్నాడు." ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. "పిల్లలు పుట్టిన కొత్తలో పట్టుకోవాలండీ. రెక్కలొచ్చాయా, ఇక మన చేతుల్లో లేదు. అందుకే ఎప్పుడు పుడతాయో ముందుగా తెలియాలి. ఊరికే ముందు మందు కొట్టినా దండగే, ఆలస్యమైనా దండగే."

"వాటి మీద కోపం రాదా?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. "చిన్నప్పుడు వచ్చేది. ఇన్నాళ్ళు వాటిని కనిపెట్టుకుని ఉన్నాక కోపం ఉండటం కష్టమండీ."

ఆ రాత్రి చలిబాబుకి కల వచ్చింది. తాను ఒక పెద్ద చలిగదిలో ఉన్నాడు, గోడలు కనిపించడం లేదు. నేలంతా మెత్తటి మట్టి. చెవి ఆనిస్తే కిందనుంచి ఎవరో గిన్నెలు సర్దుకుంటున్నట్టు, పక్కబట్టలు దులుపుకుంటున్నట్టు సద్దు వినిపిస్తోంది. పొద్దున లేచాక కూడా ఆ సద్దు ఇంకా వినిపిస్తున్నట్టే ఉంది. తీరా చూస్తే వంటింట్లో అక్క.

కొత్త కంప్రెసరు వచ్చింది. అతను బిగించాడు. నీలంరంగు గదిలో మళ్ళీ చలి నిండింది. పెట్టెలు వెళ్ళిపోయాయి. గుడ్ల మేడమ్ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "మీరు లేకపోతే ఈ ఏడాది పనంతా నీళ్ళపాలయ్యేదండీ," అంది. చలిబాబు చేతిలోని తడిగోనె పిండాడు. "ఏదైనా చెడితే ఫోను చెయ్యండి," అన్నాడు చివరికి. ఆమె తల ఊపింది. అతను బిగించిన మిషను అంత తొందరగా చెడదని ఇద్దరికీ తెలుసు.

వెనకగది ఖాళీ అయిపోయింది. గోనెలు ఆరాయి. చలిబాబు పనిమీద పనిగా తిరిగాడు. పరిశోధన కేంద్రం వైపు వెళ్ళే దారిలో పనేమీ లేకపోయినా రెండుసార్లు సైకిలు అటు తిప్పి, మళ్ళీ తనమీద తనకే విసుగొచ్చి వెనక్కి తిరిగాడు. అక్క చూస్తూనే ఉంది. ఎన్నడూ లేనిది, ఆమె ఒక్క మాటా అనలేదు.

అక్క ఊరుకోవడానికి వేరే కారణం ఉంది. అది కొన్ని వారాలు గడిచాక, శీతాకాలం ఇంకా ఉండగానే బయటపడింది. ఒక పొద్దున చలిబాబు పళ్ళు తోముకుంటుంటే వంటింట్లోంచి అక్క అతని అసలు పేరు పెట్టి పిలిచింది.

పొయ్యికి దగ్గరగా కిటికీ అరుగుమీద ఆవిడ పుదీనా కుండీ ఉంటుంది. బయట చెట్లన్నీ ఎండినా పొయ్యి వెచ్చదనానికి అది పచ్చగానే ఉంటుంది. ఆ రోజు దాని ఆకులు అంచులు కొరికినట్టు ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆకులమీద, కర్టెను మడతల్లో, కిటికీ అద్దంమీద ఆవగింజంత లేతబూడిదరంగు ప్రాణులు కూర్చుని ఉన్నాయి. చెయ్యి కదిపితే టప్పున ఎగిరి దూకాయి.

"అక్కా, ఇవెక్కడివి?"

అక్క కొంగు వేలికి చుట్టుకుంటూ గోడవైపు చూసింది. "ఆ పెట్టెల్లో మట్టి బాగా గుల్లగా ఉంటేనూ, కుండీలోకి నాలుగు దోసిళ్ళు తీసుకున్నానురా. అడుగునుంచే తీశాను. అన్నన్ని పెట్టెల్లో నాలుగు దోసిళ్ళు ఏం తెలుస్తాయనుకున్నా. గుడ్లు ఏవో పైన ఉంటాయి కాబోలనుకున్నా."

చలిబాబుకి నవ్వొచ్చింది. ఆ తరవాత, ఫోను చెయ్యడానికి ఒక కారణం దొరికిందని గుర్తొచ్చి గబగబా నోరు కడుక్కుని ఫోను అందుకున్నాడు.

గుడ్ల మేడమ్ చెప్పుల్లో మట్టితోనే పరుగెత్తుకొచ్చింది. అక్క ముందుగానే సంజాయిషీ అందుకుంది. ఆమె అది విననేలేదు. కుండీ ముందు నేలమీద కూర్చుండిపోయింది. కిటికీలోంచి ఎండ అప్పుడే మట్టిమీదకి పాకుతోంది.

"ఉండండి. ఇంకా ఉన్నాయి," అంది గుసగుసగా. "వేడి తగలగానే వస్తాయి."

ముగ్గురూ కుండీ చుట్టూ తలలు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. మట్టిపైన చిన్న పగులు కనిపించింది. పగుల్లోంచి తెల్లటి పురుగులాంటిది మెలికలు తిరుగుతూ పైకి వచ్చింది, కాళ్ళు లేవు, రెక్కలు లేవు. అది పైకి వచ్చి వెల్లకిలా పడి గుంజుకుంది. ఒంటిమీద పొర చిరిగింది, పొర లోపలినుంచి కాళ్ళు బయటపడ్డాయి. కాసేపటికే పొరని వదిలేసి, ఒళ్ళు ఆరబెట్టుకుంటూ నిలబడింది. దాని వెనకే, అది తొలిచిన దారిలోనే, మరొకటి. దాని వెనక ఇంకొకటి. అవన్నీ వరసలో నిలబడి తమ వంతు కోసం చూస్తున్నాయా అన్నంత బుద్ధిగా వస్తున్నాయి.

"మొదటిది ఒక్కటే కష్టపడుతుందండీ," అంది ఆమె. "మిగతావాటికి దారి ఉంటుంది."

చలిబాబు వాటినీ చూశాడు, ఆమె మొహాన్నీ చూశాడు. ఎండ ఆమె కణతల దగ్గరి తెల్లవెంట్రుకల మీద పడింది. ఆ క్షణం ఎంతసేపు ఉందో అతనికి తెలియదు. పొయ్యిమీద నీళ్ళు మరిగి మరిగి ఇంకిపోయాయి. అక్క లేవలేదు.

ఉన్నట్టుండి ఆమె మొహంలో నవ్వు ఆరిపోయింది. "ఇంత తొందరగా రాకూడదు," అంది.

"వెచ్చగా ఉంది కదండీ ఇక్కడ."

"వెచ్చదనం ఒక్కటే చాలదన్నాను కదా. చలి తీరకపోతే ఈ పొయ్యి పక్కన ఏడాది పెట్టినా లేవవు. లేచాయంటే, మీ అక్కగారు మట్టి తీసేనాటికే వీటికి కావలసిన చలి అందిపోయింది. శీతాకాలం చివరిదాకా పడుతుందనుకున్నాను నేను. ఈ ఏడు చలి ముందే వచ్చింది, తెగకుండా ఉంది." ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "పొలాల్లో ఉన్నవాటికీ తీరిపోయే ఉంటుంది. ఇప్పుడవి కేవలం ఎండకోసం చూస్తున్నాయి. మంచి ఎండ నాలుగు రోజులు కాస్తే చాలు."

చలి విరగడం అప్పటికే మొదలైంది. రెండు రోజులుగా మధ్యాహ్నంపూట జనం స్వెట్టర్లు విప్పి భుజాన వేసుకుంటున్నారు.

ఆమె కుండీని ఒళ్ళో పెట్టుకుని కేంద్రానికి వెళ్ళింది. ఫ్రిజ్జులు మోసే తన సరుకుల బండిలో చలిబాబు తీసుకెళ్ళాడు. అక్కడి పెద్దసారు నెమ్మదైన మనిషి, కళ్ళజోడు తుడుచుకుంటూ అంతా విన్నాడు. ఏటా రైతులకు కబురు పంపేది మొక్కజొన్న మొలకలు వేలెడు ఎత్తు వచ్చినప్పుడు. అది ఇంకా చాలా దూరం.

"నాకు నీ మీద నమ్మకం లేక కాదమ్మా," అన్నాడాయన. "వంటింట్లో పుదీనా కుండీ చూసి ఇన్ని ఊళ్ళ రైతుల్ని పరుగులు పెట్టించామనుకో, అవి రాకపోతే వచ్చే ఏడు మన మాట ఎవరు వింటారు? పొలంలోవి చూపించు. నేనే వస్తాను."

అదీ నిజమే అనిపించింది ఆమెకు. ఆ పూటే పలుగులు పట్టుకుని బయల్దేరారు. చలిబాబు వెళ్ళాల్సిన అవసరమేమీ లేదు. వెళ్ళాడు, ఎవరూ ఎందుకని అడగలేదు. గట్లమీద గడ్డి ఇంకా ఎండిపోయే ఉంది. మట్టి పైన చల్లగా, లోపల మెత్తగా ఉంది. ఎండ తగిలే వైపు గట్లలో తవ్వి, మట్టిముద్దలు ఏరి, కేంద్రానికి తెచ్చారు. ఆమె ఒక గుడ్డు పైపొర సూదితో ఒలిచి భూతద్దం కింద పెట్టి, పక్కకు జరిగింది.

"చూడండి," అంది చలిబాబుతో.

అతను వంగాడు. పలచని పొర వెనక ఒక చిన్న రూపం ముడుచుకుని పడుకుని ఉంది. దానికి రెండు కళ్ళున్నాయి. ఎర్రటి చుక్కలు. అవి తనవైపే చూస్తున్నట్టు అనిపించింది అతనికి.

"నిద్రలో ఉన్నప్పుడు ఇలా ఉండదండీ. ఇది కదలడం మొదలుపెట్టింది."

కొన్ని ముద్దల్ని వెచ్చని గదిలో పెట్టారు. మూడోనాటికి వాటినుంచీ పిల్లలు వచ్చాయి. పెద్దసారు ఒంగి చూసి, కళ్ళజోడు తీసి, "సరే, పదండి," అన్నాడు. ఆయనే జీపుకి మైకు కట్టించుకుని బయల్దేరాడు. మైకులో అరిచే అలవాటు లేక ఆయన గొంతు మొదటి ఊళ్ళోనే పోయింది. మిగతా ఊళ్ళలో గుడ్ల మేడమ్ చెప్పింది. గట్లు పైపైన దున్ని గుడ్లు బయటపెట్టమనీ, దున్నలేనిచోట మందు సిద్ధం చేసుకుని ఎండ కాసిన పొద్దుల్లో గట్లమీద కన్నేసి ఉంచమనీ చెప్పింది. కొందరు నవ్వారు. "ఇంకా దుప్పట్లు మడవలేదు, మిడతలెక్కడమ్మా," అన్నారు. కాని చాలామంది పలుగులందుకున్నారు, ఎందుకంటే ఆమె ఏ గట్టు తవ్వి చూపించినా ఆ ఎర్రటి కళ్ళు ఉన్నాయి. దున్నిన గట్లమీద పక్షులు దిగాయి. ఎక్కడెక్కడినుంచో, గుంపులు గుంపులుగా.

నిజంగా వేడెక్కిన రోజున ఆమె చలిబాబుకి ఫోను చేసింది. "ఇవాళ వస్తాయండీ. చూస్తారా?" అంది. అక్క కూడా మిషనుమీద గుడ్డ కప్పి వెంట బయల్దేరింది.

ఏరు పక్కన దున్నకుండా వదిలేసిన బీడు అది. కేంద్రం వాళ్ళు చుట్టూ మందు డబ్బాలతో సిద్ధంగా ఉన్నారు. ముగ్గురూ గడ్డిలో కూర్చున్నారు. మంచు విడిపోయి నేలనుంచి సన్నటి ఆవిరి లేస్తోంది. ఆ ఆవిరిలో దూరాన ఉన్న మనుషులు నీళ్ళలో నిలబడ్డట్టు ఊగుతున్నారు. ఎండ వీపుమీద వెచ్చటి చెయ్యి వేసినట్టుంది. అక్క కళ్ళు మూతలు పడ్డాయి. అప్పుడు నేల కదిలింది. కాదు, నేలమీద రంగు కదిలింది. మట్టి ఉన్నట్టుండి చిటపటలాడుతున్నట్టు, వాన చినుకులు కిందనుంచి పైకి కురుస్తున్నట్టు, లెక్కకందని పిల్లలు ఒక్కసారే పైకి వచ్చాయి. వాటి కాళ్ళ చప్పుడు ఎండుగడ్డిలో సన్నగా వినిపించింది. చలిబాబు తనకు తెలియకుండానే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె తీసుకోలేదు.

కాసేపటికి ఆమే లేచి, మందు కొట్టేవాళ్ళకి చెయ్యి ఊపింది. ఊపాక అటువైపు తిరిగి చూడలేదు. "చూడలేనండీ. చెయ్యక తప్పదు, చూడలేను," అంది. అక్క ఆమె భుజాన చెయ్యి వేసి బండి దాకా నడిపించుకెళ్ళింది.

ఆ ఏడు చేలు చాలామటుకు దక్కాయి. ఏటి అవతలి రెండు ఊళ్ళకి కబురు సరిగా అందక అక్కడ లేతమొక్క మిగల్లేదు. ఆ సంగతి గుడ్ల మేడమ్‌ని చాలాకాలం పీడించింది. జీపు ఇంకొక్క రోజు ముందు వెళ్ళి ఉంటే, అంటూ ఉండేది. పెద్దసారు ఆ తరవాత మొలకల ఎత్తు చూసి కబురు పంపే పద్ధతి మానేశాడు. గట్ల మట్టిలో ధర్మామీటర్లు పాతించి, శీతాకాలం నడుమనుంచే ముద్దలు తవ్వించి వెచ్చగదిలో పెట్టి చూడమన్నాడు.

ఎండాకాలం వచ్చింది. ఫ్రిజ్జుల పని ఊపిరి సలపనివ్వని కాలం. ఒక మధ్యాహ్నం చలిబాబు పెరట్లోని తన పనిషెడ్డులో చొక్కా చేతులు మడిచి గొట్టానికి అతుకు వేస్తుంటే గుమ్మంలో నీడ పడింది. గుడ్ల మేడమ్. అతను గ్యాసుమంట ఆర్పేసి లేచాడు.

"చలిగది చెడిందాండీ?"

"లేదండీ. బాగానే ఉంది. ఏదీ చెడలేదు." ఆమె గొడుగు ముడిచి, విప్పి, మళ్ళీ ముడిచింది. "ఊరికే వచ్చాను."

ఊరికే వచ్చేవాళ్ళు ఆ షెడ్డుకి ఎవరూ ఉండరు. అతను స్టూలు మీది పనిముట్లు దులిపాడు, తుడిచాడు, మళ్ళీ తుడిచాడు. "కూర్చోండి," అన్నాడు. తరవాత ఇద్దరికీ మాటలు దొరకలేదు. బయట ఎండ తెల్లగా మండుతోంది. గోడ అవతల ఇంట్లో మిషను చప్పుడు ఆగింది.

అక్క పెరటి గుమ్మంలోంచి వచ్చింది, భుజాన కొలతల టేపుతోనే. ఇద్దర్నీ చూసింది. "నేను వంటింట్లో ఉంటాను, మీరు మాట్లాడుకోండి అందామనుకున్నా," అంది. "కాని మిమ్మల్ని వదిలేస్తే ఇలాగే కూర్చుంటారు. అమ్మాయ్, మా వాడంటే నీకు ఇష్టమేనా?"

"అక్కా," అన్నాడు చలిబాబు.

"నువ్వుండరా. నేను నిన్నడగలేదు."

గుడ్ల మేడమ్ గొడుగు కొసతో నేలమీద గీత గీసింది. "ఇష్టం లేకపోతే ఇంత ఎండలో వస్తానాండీ?" అంది.

వానలు పడ్డాక ఇద్దరూ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళి పెళ్ళి సంతకాలు పెట్టి వచ్చారు. పెద్దసారు సాక్షిగా సంతకం పెట్టాడు. అక్క కొత్త కర్టెన్లు కుట్టింది. పెళ్ళయిన ఇంట్లో పాత కర్టెన్లు ఏం బాగుంటాయని అంది గాని, పాతవాటి మడతల్లో మిడతపిల్లలు కొరికిన చిల్లులున్న సంగతి ముగ్గురికీ తెలుసు.

కోతలైపోయిన కొత్తల్లో ఒక సాయంత్రం భార్యాభర్తలు చేలగట్టున నడుస్తున్నారు. పొద్దు వాలుతోంది. కోసిన మోళ్ళమీద వెలుగు తేనెలా కారుతోంది. ఆమె అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది. రెండడుగుల దూరంలో ఒక మిడత తోకను మట్టిలోకి దింపి కదలకుండా కూర్చుని ఉంది. కాలితో తొక్కడం ఎంతసేపు. అతను ఆమె వంక చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఒక్కదానితో పోయేదేముంది. ఎక్కడ పెట్టిందో గుర్తుంచుకుంటే చాలు," అంది నెమ్మదిగా.

వాళ్ళు అక్కడే నిలబడ్డారు, గాలి పడి గడ్డి ఒక వైపుకి వాలి మళ్ళీ లేచేదాకా. మిడత పని ముగించుకుంది. వెనకకాళ్ళతో మట్టి సర్దింది, రెక్కలు విప్పి మోళ్ళమీదుగా ఎగిరిపోయింది. చలిబాబు ఒక పుల్ల విరిచి ఆ చోట గుచ్చాడు. తరవాత ఇద్దరూ ఊళ్ళోకి వచ్చి, దుకాణాలు మూసేలోగా మందపాటి దుప్పటి ఒకటి కొన్నారు. చలి ముదురుతోందని అక్క పొద్దుట్నుంచీ చెబుతూనే ఉంది.